బ్యాకప్ ఉందిలే అనుకున్న ఆఫీసు

పది మంది పనిచేసే ఆఫీసులో సర్వర్ అంటే చాలాచోట్ల అకౌంటెంటు బల్ల కింది సీపీయూనే. ట్యాలీ డేటా అందులోనే, స్కాన్ చేసిన బిల్లులు అందులోనే, పాత సినిమా పాటలూ అందులోనే. ఈ హాల్లో కూర్చున్న రైస్‌మిల్లుల వాళ్లకూ మందుల ఏజెన్సీల వాళ్లకూ ఇది కొత్త సంగతేమీ కాదు. విడిగా ఓ సర్వర్ కొని, తాళం ఉన్న గదిలో యూపీఎస్‌కు తగిలించడం ఒకట్రెండు రోజుల పని. మర్నాటి నుంచి దాన్ని చూసుకునేదెవరన్నదే అసలు ప్రశ్న.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఓ ఇంజనీరు డేటాబేస్ తాలూకు అదనపు ప్రతిని సరిచేస్తున్నాడు. అందులోని ఫోల్డర్ చెరిపేద్దామని కమాండ్ కొట్టాడు. తీరా చూస్తే తాను ఉన్నది అసలు సర్వర్‌లో! క్షణాల్లో తేరుకుని ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ.

బ్యాకప్‌లు లేకనా? ఐదు రకాల ఏర్పాట్లున్నాయి. రోజువారీ బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కుదరక ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ వ్యవస్థే తిప్పికొడుతోంది. అంతకు ఆరు గంటల ముందు పరీక్ష కోసమని ఆ ఇంజనీరే చేత్తో తీసుకున్న కాపీ చివరికి ఆదుకుంది. నిపుణుల కంపెనీ పరిస్థితే అది.

‘రెండు డిస్కులు వేశాం సార్, ఇక బేఫికర్’ అంటాడు అమ్మేవాడు. డిస్కు కాలిపోతే ఆ మాట నిజమే. కానీ పొరపాటున ఫైలు చెరిపితే రెండింట్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. వైరస్ తాళం వేసినా అంతే. 2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే అలాంటి వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కొన్నింటినీ పట్టుకుంది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. ‘తర్వాత చేద్దాం’ అని మూసేసే ఆ చిన్న పెట్టె ఖరీదు అంత! అందుకే ఒక కాపీ ఎప్పుడూ వైరు పీకేసి, ఆఫీసు బయట ఉండాలి.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకైతే బ్యాకప్ ఉంచడం చట్టం కూడా. కంప్యూటర్లో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలోని సర్వర్‌లో ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు.

ఆ బ్యాకప్ పనిచేస్తుందో లేదో తేలాలంటే నెలకో శనివారం సాయంత్రం దాన్ని వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి, అదే తేదీ ట్రయల్ బ్యాలెన్స్ రెండుచోట్లా సరిపోయిందో లేదో అకౌంటెంటు చేతే చూపించాలి. మొత్తం ఎంతసేపు పట్టిందో రిజిస్టర్లో రాయించాలి. సర్వర్ పడిపోయిన రోజు యజమాని మొదట అడిగేది ఆ లెక్కే. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం సీలు వేసిన కవర్లో లాకర్లోకి వెళ్లాలి. అది తెలిసిన కుర్రాడు ఏ రోజైనా హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని బస్సెక్కేయొచ్చు.