పెంపుడు పాములు - అంటురోగము

పామును పూజించుట మనకు తెలియును. పామును చూచి పారిపోవుట అంతకంటె బాగుగా తెలియును. కాని కుక్కను, పిల్లిని పెంచినట్లు పాములను ఇంట పెంచువారు అమెరికాలోను, ఐరోపాలోను పెక్కుమంది కలరు. విషములేని బోవాలు, కొండచిలువలు వారికి ప్రీతిపాత్రములు. పెంపుడు బోవా 20 ఏండ్లకు పైబడి జీవించును. అన్నియేండ్లు తన చేతిలో పెరిగిన ప్రాణికి జబ్బు చేసినచో, ఆ యజమాని పడు వేదన పాడియావు మేత మానినపుడు మన రైతు పడు వేదన వంటిదే.

1970 దశకము నుండి ఈ పాములలో ఒక వింతరోగము కనబడుచున్నది. రోగము సోకిన పాము మ్రింగిన ఎలుకను కొన్నాళ్లకు కక్కివేయును. తల పైకెత్తి ఆకాశము చూచుచున్నట్లు నిలిచిపోవును. వెల్లకిల త్రిప్పినచో తిరిగి బోరగిల తిరుగజాలదు. సూక్ష్మదర్శినితో పరిశీలింపగా దాని జీవకణములలో మాంసకృత్తుల ముద్దలు కనిపించును. దీని కారణము చాలకాలము అంతుబట్టలేదు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగగ్రస్తములైన పాములలో అరీనా వైరసుల కుటుంబమునకు చెందిన క్రొత్త వైరసులను కనుగొనిరి. ఆ కుటుంబపు వైరసులు ఎలుకల వంటి క్షీరదములకే పరిమితమని అంతవరకు తలచియుండిరి.

అసలు ప్రమాదము ఇంకొకటి. బోవా ఈ వైరసును నెలలకొలది, ఒక్కొక్కపుడు ఏండ్లకొలది మోయుచు, చక్కగా తినుచు, నిగనిగలాడుచు ఉండవచ్చును. ప్రక్క పెట్టెలోని కొండచిలువకు అదే వైరసు సోకినచో రోగము త్వరితముగా ముదిరి ప్రాణము తీయును. దీనికి మందు లేదు.

కనుక అనుమానము కలిగిన నాడే ఆ పామును వేరొక గదికి మార్చవలెను. నిశ్చయమగువరకు వేచియుండరాదు. ప్రతిదినము ఆరోగ్యముగా నున్నవానిని ముందు, అనుమానమున్నదానిని కడపట చూడవలెను. నీటిపాత్రలను, పట్టకారులను ఒకదానివి మరొకదానికి వాడరాదు. పొలుసుల నడుమ చేరి రక్తము పీల్చు నల్లులు రోగమును వ్యాపింపజేయునను అనుమానము కలదు, వానిని నిర్మూలింపవలెను. పశువైద్యునిచే రక్తపరీక్ష చేయింపవలెను. చనిపోయిన పామును పూడ్చివేయుటకు ముందు శవపరీక్ష చేయించినచో మిగిలినవానిని కాపాడు దారి తెలియును. క్రొత్తగా తెచ్చిన పామును కనీసము 3 నెలలు, వీలైనచో 6 నెలలు, వేరుగా ఉంచవలెను.

ఇక కఠినమైన ఘట్టము మిగిలినది. పరీక్షలో రోగమున్నదని తేలిన పాము కంటికి ఆరోగ్యముగానే కనిపించవచ్చును. దానిని జీవితాంతము ఒంటరిగా పోషించుటయా, వైద్యుని చేత బాధలేని మరణము కల్పించుటయా అనునది యజమాని నిర్ణయింపవలెను. మూడవ మార్గము ఒకటి తోచును: ఎవరికిని చెప్పక అమ్మివేయుట. అప్పుడు నష్టపోవునది మరియొక ఇంట 20 ఏండ్లుగా పెరుగుచున్న పాము. తనకు కలిగిన దుఃఖమును పొరుగువానికి అంటగట్టకుండుట కూడ పెంపకములోని భాగమే.