బలము – భేదము
(సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు బరువులెత్తు పోటీ మొదటిసారి ఏర్పడినది. శ్రీకాకుళము జిల్లాలో పుట్టి, భారత ఆహార సంస్థలో ఉద్యోగము చేసిన శ్రీమతి కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచిరి. ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ఆ తరగతిలో స్వర్ణము గెలిచిన చైనా వనిత ఎత్తినది 242.5 కిలోలు. పురుషుల 69 కిలోల తరగతిలో బల్గేరియా దేశీయుడు గలాబిన్ బోయెవ్‌స్కీ 357.5 కిలోలెత్తెను. తరగతి భారము ఒక్కటే. ఎత్తిన బరువులలో ఇంత భేదమేల?

బాల్యమున ఈ భేదము స్వల్పము. యౌవనారంభమున బాలుర దేహమున టెస్టోస్టెరాన్ అను హార్మోను పలురెట్లు పెరుగును. దానివలన కండరములు బలియును, ఎముకలు దృఢమగును, రక్తమున హీమోగ్లోబిన్ హెచ్చును. సగటున స్త్రీకి నడుము పైభాగమున గల బలము పురుషుని బలములో సగమునకు కొంచెము మించియుండును. కాళ్ళ బలము సుమారు మూడింట రెండు వంతులు. అయినను కండరపు నాణ్యమున లోపము లేదు. సమానమైన మందము గల కండరమునందు ఇరువురి బలమును ఇంచుమించు సమానమే. సాధనవలన బలము పెరుగు పాలును ఇరువురికి దాదాపు ఒక్కటే.

సగటు అనునది సమూహమునకు చెందిన లెక్క. ఎదుట నిలిచిన వ్యక్తిని దానితో కొలువరాదు. శ్రీమతి మల్లీశ్వరి నాడు తలపైకెత్తిన 130 కిలోల బరువును ఈ సభలోని పురుషులలో ఎందరెత్తగలరో ఎవరికి వారే యోచించుకొనవచ్చును.

ఇంకొక భేదము కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. పురుషులలో నూటికి 25 మందికి. ఋతుస్రావము, ప్రసవము ఇందుకు కొంత కారణము. ఆహారలోపము మరొక కారణము. ఇంటిల్లిపాదికి వడ్డించి మిగిలినది తిను గృహిణియు, అన్నకు పెట్టిన గ్రుడ్డు దక్కని చెల్లెలును తెలుగిండ్లకు క్రొత్తవారు కారు. అట్టి ఆమె అలసి కూర్చున్నప్పుడు “ఆడుదాని బలమెంత?” యనుట న్యాయము కాదు.

ప్రకృతి పెట్టిన భేదమును గుర్తించి క్రీడలలో వేర్వేరు పోటీలు ఏర్పరచిరి, అది ఉచితము. ఇల్లు పెట్టిన భేదమును ఇల్లే మాన్పవలెను. పాలు, పప్పు, ఆటస్థలము బాలునితో సమముగా బాలికకును లభించినచో, ఆమె నిజమైన బలమెంతయో నాడు తెలియును.