బడిలో అమ్మ మాట
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పొయ్యిమీద పప్పు పెట్టి, ఒక చెవి కుక్కరు మీదా ఇంకో చెవి రేడియో మీదా వేసి కూర్చున్నవాళ్ళు మీలో ఉంటారు. అందుకని పెద్దపెద్ద మాటలతో మొదలుపెట్టను. దొరల నాటి చదువు పోకడల నుంచి మన చదువులు బయటపడ్డాయా, మన విశ్వవిద్యాలయాల పెద్దలు ఆ పని చేయగలిగారా అన్నది నాకిచ్చిన విషయం. వినగానే "మనకెందుకులెద్దూ" అనుకున్నాను. తీరా ఆలోచిస్తే, ఈ విషయం నా జీవితంలోకి ఒక్క చిన్న మాటగా వచ్చింది. ఆ మాట "నేదు".

మాది భావనపాడు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ ఎండు నెత్తళ్ళు గంపకెత్తుకుని టెక్కలి వైపు ఊళ్ళు తిరిగి అమ్మేది. మా ఇంట్లో "లేదు" అన్న మాట వినపడేది కాదు, "నేదు" అనేవాళ్ళం. నేను కాదు, నాను. వదిలెయ్ కాదు, ఒగ్గెయ్. తొందరగా రమ్మంటే "బేగి రా".

ఊళ్ళో చదువు అయ్యాక నన్ను పట్నంలో హాస్టల్లో పెట్టారు. మొదటి వారమే టీచరుగారు "పుస్తకం తెచ్చావా?" అని అడిగారు. "నేదండీ" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఎంతో శాంతంగా, "నీకు తెలుగు రాదా అమ్మా?" అన్నారు.

నాకు వచ్చిందల్లా తెలుగే. ఇంకేమీ రాదు.

ఆ ఏడంతా నోరు కట్టేసుకున్నాను. సెలవులకి ఇంటికెళ్ళి మా అమ్మనే దిద్దడం మొదలెట్టాను. "అమ్మా, నేదు అనకు, లేదు అను." అమ్మ కోప్పడలేదు. చేపలు తిరగేస్తూనే "అలాగేనే, నీకు సదువొచ్చింది, మాకు నేదు" అంది. అప్పుడు నేను నవ్వాను కూడాను. తరవాత నాకు పెళ్ళయి విశాఖపట్నంలో కాపురం పెట్టాక అమ్మ చూడ్డానికి వచ్చేది. పక్కింటి పిన్నిగారు కూర్చుంటే అమ్మ మాట్లాడేది కాదు. తల ఊపేది, నవ్వేది, లోపలికి వెళ్ళిపోయేది. మా వాడలో నలుగురికీ తగవులు తీర్చిన మనిషి!

ఇదంతా తెల్లవాడి తప్పేనని చెప్పేస్తే ఈ ప్రసంగం ఇక్కడితో అయిపోతుంది. 1835లో మెకాలే దొర ఒక మినిట్ రాశాడు. పాలకులకీ ప్రజలకీ మధ్య నిలబడడానికి ఇంగ్లీషు అభిరుచులున్న ఒక తరగతిని మనలోంచే తయారుచేయాలన్నాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. అయితే నా "నేదు"ని చూసి నవ్వినవాళ్ళలో ఒక్క దొర లేడు.

మా జిల్లావాడే గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మేష్టరుగా చేరి, శ్రీముఖలింగం గుడి శాసనాలు కూడబలుక్కుని చదివారు. ఆ రోజుల్లో మన బడి పుస్తకాల తెలుగు వేరు, ఇంట్లో తెలుగు వేరు. ఆ తేడా ఎందుకని అడిగింది ఎవరనుకున్నారు? ఏట్స్ అనే ఇంగ్లీషు దొర, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. దానికి జవాబు వెతుకుతూ గిడుగువారు, విజయనగరం గురజాడ అప్పారావుగారు శిష్టజనం మాట్లాడే తెలుగుని బడిలోకి తేవాలని పట్టుబట్టారు. అడ్డుపడ్డవాళ్ళు మన పండితులే. స్కూలు ఫైనల్ పరీక్షలో వాడుక భాషలో వ్యాసం రాయడానికి వచ్చిన అనుమతి కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయం పెద్దల తీర్మానానికి ఒప్పుకోక తన అసమ్మతి పత్రం రాశారు. అదీ మినిట్టే! మెకాలే మినిట్ ఊరూవాడా తెలుసు. మన విజయనగరం మినిట్ ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి. మరుసటి ఏడు, 1915లో, ఆయన పోయారు.

వాళ్ళని కూడా నేను పూర్తిగా వెనకేసుకు రాను. "శిష్టజనం" అంటే అందులో మా అమ్మ ఉందా? ఉండదు. కానీ గిడుగువారు అక్కడితో ఆగలేదు. కొండమీది సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. తన కష్టానికి సర్కారు డబ్బు ఇవ్వబోతే వద్దని, సవర పిల్లలకి బళ్ళు పెట్టమన్నారు. లిపి లేని మాట కూడా బడికి పనికొస్తుందని నమ్మిన మనిషి ఆయన. 2004 ప్రాంతంలో మన ప్రభుత్వం సవర, కువి లాంటి భాషల్లో పిల్లలకి వాచకాలు తెచ్చింది. గిడుగువారు పోయింది 1940లో. ఎన్నేళ్ళు పట్టిందో చూడండి.

ఇక విశ్వవిద్యాలయం పెద్దల సంగతి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి వదులుకున్నారు. కుర్చీకి గౌరవం రావాలంటే లేవడం కూడా తెలియాలేమో! అయితే కుర్చీలో మనవాళ్ళు కూర్చున్నా, పాఠం ఇంగ్లీషులోనే నడిచింది. హైదరాబాదులో 1918లో వెలసిన ఉస్మానియా ఇంకో దారి పట్టింది. ముందే అనువాద శాఖ పెట్టి, శాస్త్రాలన్నీ ఉర్దూలో చెప్పింది. ఇంగ్లీషు లేకుండా పెద్ద చదువు సాగుతుందని రుజువైంది. పాపం, తెలంగాణ పల్లెల తెలుగు పిల్లలకి అదీ పరాయి భాషే అయింది.

1968లో తెలుగు అకాడమీ వచ్చి, కాలేజీ పుస్తకాలు తెలుగులో వేసింది. మంచిదే. కానీ మా పిల్లవాడి పుస్తకంలో ఆకు ఎండలో ఆహారం చేసుకునే సంగతికి "కిరణజన్య సంయోగక్రియ" అని ఉండేది. ఇది కూడా మా అమ్మ ఇంటి గుమ్మం ఎక్కే మాట కాదు. పుస్తకం తెలుగైనా, తల్లిని మాత్రం బయటే నిలబెట్టింది.

నేను ఇంగ్లీషుకి అడ్డంపడే మనిషిని కాను. ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెట్టాలని 2019లో ఉత్తర్వు వచ్చింది. 2020లో హైకోర్టు కొట్టేసింది. పట్నంలో మన పిల్లల్ని కాన్వెంటుకి పంపి, పల్లె పిల్లలకి మాత్రం మాతృభాష చాలు అంటే మా వాడలో ఆడవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే న్యాయం. 2023లో మా పక్కనే మూలపేటలో రేవుకి శంకుస్థాపన జరిగింది. అక్కడ ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు కావాలని మా మేనకోడలు పోట్లాడుతుంది. నేర్పండి, బాగా నేర్పండి. పసిపిల్ల నోరు మూయించి నేర్పకండి, అంతే నేను అడిగేది. పోటూ పాటూ, గాలి వాటం, ఏ చేప ఏ నెలలో ఒడ్డుకొస్తుందో చెప్పగలిగే పిల్ల బళ్ళోకి రాగానే ఏమీ రానిదైపోతోంది. సాహిత్యం, చరిత్ర చెప్పే విశ్వవిద్యాలయం వారు ఆ మాటల్ని ఏరుకోవడానికి మా ఊళ్ళకి వస్తే అది సాయం చేసినట్టు కాదు, బాకీ తీర్చినట్టు.

మొన్న ఫోనులో మా మనవరాలితో పొరపాటున "బేగి రావే గుంటా" అన్నాను. "బేగి అంటే ఏంటమ్మమ్మా?" అంది. నా పిల్లలకే నేర్పలేదు, దానికేం తెలుస్తుంది. ఆ రాత్రి పాత లెక్కల నోటు పుస్తకంలో అమ్మ మాటలు రాయడం మొదలెట్టాను. నలభై దాకా వచ్చాయి. సాయంత్రం పూట సముద్రం మీంచి ఒడ్డుకి వీచే గాలికి అమ్మ ఒక పేరు చెప్పేది. అది ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. అమ్మ లేదు. భావనపాడులో మా పిన్ని ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు అడగాలి.