కొలువులోని వీరులు – శాసనము పెట్టిన హద్దులు



సంక్రాంతి పండుగకు బొమ్మల కొలువు తీర్చుట మన తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలయందు తరతరములుగా వచ్చుచున్న వేడుక. మెట్లపై దశావతారములు, రాజురాణులు, అంబారీతో కూడిన యేనుగు, తాటిచెట్టెక్కువాడు, అందరును కొలువుదీరుదురు. వారి నడుమ కత్తియు డాలును పట్టిన భటు డొక్కడైనను లేని కొలువు అరుదు. ఆ భటునిపై మక్కువ పెంచుకొని, ఒక సేనను, ఒక యుద్ధమును, ఒక కాలమును చిన్న బొమ్మలలో కూర్చుకొనువారును కలరు. వారి వేడుకను గూర్చియు, చరిత్రపురుషుల రూపములను కల్పించుటకు శాసనము పెట్టిన హద్దులను గూర్చియు నేడు కొంత మనవి చేసెదను.

ఈ వేడుక పాశ్చాత్యదేశములలో మిక్కిలి ప్రబలినది. జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణమున రేకువలె పలుచనైన తగరపు సైనికులను పోసెడివారు. 1893లో లండనునందు విలియం బ్రిటన్ సంస్థవారు లోపల గుల్లగా నుండునట్లు సీసపుబొమ్మలను పోయు పద్ధతిని చేపట్టి వెల తగ్గించిరి. 54 మిల్లీమీటరుల యెత్తు, అనగా రెండంగుళములకు కొంచెము పైమాట, నేటికిని అనేకులకు ప్రమాణము. హెచ్. జి. వెల్సు 1913లో ఇట్టి బొమ్మలతో యుద్ధక్రీడ యాడు నియమములను గ్రంథముగా వ్రాసెను. సీసము విషము గనుక ఆ పాతబొమ్మలను పిల్లల చేతి కీయరాదు. మనకు కొండపల్లి యుండగా సీసముతో పనియేమి? తెల్లపొణికి కర్రను చెక్కి, చింతపిక్కల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవముల నతికి, రంగులు వేయు శిల్పులు మనకు సమీపముననే యున్నారు.

ఇక కూర్చదగిన కథలకు కొదువలేదు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిదుర్గమును సాధించెను. 1757 జనవరి 24న బొబ్బిలికోట కూలెను. పలనాటి వీరుల రణరంగమైన కారెంపూడి మనకు దూరము కాదు. సేన యనగా ఆయుధములు గలదియే కానక్కరలేదు. 1921లో చీరాల పేరాల ప్రజలు ఊరు విడిచినప్పుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నడచిన రామదండు సేన కాదా? 1942 ఆగస్టు 12న తెనాలిలో తుపాకిగుండ్లకు ప్రాణములిచ్చిన యేడుగురు వీరులు కారా? వారి స్మారకమైన రణరంగచౌకును తెనాలివారు దినమును చూచుచునే యున్నారు.

రూపకల్పనకు మొదటి హద్దు ప్రమాణము. నలువదియేండ్లు పాఠశాలలో చరిత్రము చెప్పినవాడను గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను. కృష్ణరాయలు ఎట్లుండెనో తెలియుటకు నాటకపు కిరీటమును చూడనక్కరలేదు. తిరుమల ఆలయములో ఇరువురు దేవేరులతో చేతులు మోడ్చి నిలిచిన ఆయన లోహప్రతిమ కలదు. తలపై పొడవైన కుళ్లాయి యున్నది. పలనాటి యుద్ధము 12వ శతాబ్దిది. నాటి భటుల చేతికి తుపాకి నిచ్చుట, వారి ప్రక్కన ఫిరంగిని నిలుపుట అసంగతము. కారెంపూడి వీరులగుడిలో పూజలందు ఆయుధములను, ఊరూర నిలిచిన వీరగల్లులను చూచి, కత్తి వంపును, డాలు చుట్టుకొలతను, సిగముడిని నేర్చుకొనవలయును.

రెండవ హద్దు శాసనము. బొమ్మ చేయువాడు నేరస్థుడగునా యని కొందరు వెరతురు. ఏమి చేసినను అడుగువాడు లేడని కొందరు విర్రవీగుదురు. రెండును సరికావు.

మన దేశమున 1950వ సంవత్సరపు చిహ్నములు, నామముల చట్టము ప్రకారము ఛత్రపతి శివాజీమహారాజు, మహాత్మాగాంధి, జవహర్‌లాల్ నెహ్రూ మున్నగువారి పేరును గాని చిత్రరూపమును గాని కేంద్రప్రభుత్వపు ముందస్తు అనుమతి లేక వ్యాపారమునకు వాడరాదు. ఇంటి కొలువున నిలుపుకొనువానికి దీనితో చిక్కు లేదు. శివాజీ పేర అచ్చువేసి అంగడి తెరవదలచినవాడు మాత్రము ముందుగా న్యాయవాదిని విచారింపవలయును.

గతించినవానికి మానహాని కలదా? కలదు, కాని మిక్కిలి ఇరుకైనది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 356వ విభాగము, పూర్వపు శిక్షాస్మృతివలెనే, మృతునిపై మోపిన నింద అతడు బ్రతికియుండిన అతని కీర్తిని చెరచునదై, అతని కుటుంబము వారిని గాని దగ్గరి బంధువులను గాని నొప్పించు ఉద్దేశముతో చేసినదైనచో నేరమనుచున్నది. ఎనిమిదివందల యేండ్లనాటి నాయకురాలి తరఫున ఎవరు వత్తురు? అయినను, వర్గముల నడుమ వైరము రేపు చేష్టలను 196వ విభాగమును, దురుద్దేశముతో మతభావములను అవమానించుటను 299వ విభాగమును శిక్షించును. పలనాటి వీరులు నేటికిని పూజలందుచున్నవారని మరువరాదు.

న్యాయస్థానములు ఇరువైపులను చూచినవి. శివాజీని గూర్చి జేమ్సు లేన్ వ్రాసిన గ్రంథముపై నిషేధము చెల్లదన్న తీర్పును 2010లో సుప్రీంకోర్టు నిలిపినది. గాంధీమహాత్ముని పేర అశ్లీలవాక్యములు పలికించిన మరాఠీ కవిత విషయమున 2015లో ఆ కోర్టే, కవితాస్వేచ్ఛ అంతదూరము పోరాదన్నది. అల్లూరి సీతారామరాజును, కొమరం భీమును కలిపి కథ అల్లిన చలనచిత్రముపై వచ్చిన వ్యాజ్యమును 2022 మార్చిలో తెలంగాణ హైకోర్టు త్రోసిపుచ్చినది. కల్పన నేరము కాదు, కించపరచుట వేరు.

పరదేశముల తీరు పరదేశములది. జర్మనీలో నాజీల గుర్తులను బహిరంగముగ వాడుట శిక్షాస్మృతి 86ఏ విభాగము క్రింద నేరము. విద్యకు, చరిత్రకు, కళకు మినహాయింపు కలదు. అందువలన ఆ కాలపు విమానమును నమూనాగా చేయువారు దాని తోకపై గుర్తును వేయుటకు ఆలోచింతురు.

మరియొక చిన్న విశేషము. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము బహిరంగస్థలమున శాశ్వతముగా నిలిచిన శిల్పమును చిత్రించుటకు, ఫోటో తీయుటకు అనుమతించుచున్నది. ఆ మినహాయింపులో చిత్రలేఖనము, ఫోటో మున్నగునవి యున్నవి గాని శిల్పము లేదు. కావున కాపీరైటు చెల్లక యున్న శిల్పమును చూచి అచ్చుపోసి చిన్నబొమ్మలు చేసి అమ్మువాడు ఆ శిల్పిని అడుగవలసియుండును. తెనాలి శిల్పుల కిది తెలియదగిన విషయము. శిల్పి బ్రదుకు శిల్పమే గదా.

ఇంతకంటె ముఖ్యమైన మాట చెప్పవలసియున్నది. పలనాటి కొలువు తీర్చునప్పుడు బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు పైమెట్టున నిలుతురు. కన్నమదాసు ఎక్కడ? ఆయన మాలకులమున జన్మించి బ్రహ్మనాయునికి పుత్రసమానుడై సేనాపత్యము వహించినవాడు. ఆయనను విడిచిపెట్టిన కొలువు, లేక చివరిమెట్టున చేతులు కట్టుకొనిన దాసునిగా నిలిపిన కొలువు చరిత్ర కాదు. అది మన మనస్సులోని అంతరువుల చిత్రము. షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నివారణ చట్టమునకు 2016 నుండి అమలైన సవరణలలో, ఆ జనులు పూజ్యముగా చూచు గతించిన వ్యక్తిని మాటచేత గాని మరి యే విధమున గాని అవమానించుట నేరమని యున్నది. శాసనము అంతదూరము వచ్చిన దనగా, మనము అంతకు ముందే చేయవలసిన పని చేయలేదన్నమాట.

అట్లే నాగమ్మ. కోరపండ్లతో, ఎఱ్ఱనికండ్లతో ఆమెను రాక్షసిగా చేయుట సులభము. నలగామరాజు కొలువున మంత్రిత్వము నడపిన స్త్రీ ఆమె. కథ చెప్పినవారు ఎదుటిపక్షమువారు. ఆమెపై వ్యాజ్యము తెచ్చు బంధువు లేడు గనుకనే మనము మరింత జాగరూకులమై యుండవలయును. బొబ్బిలి బొమ్మలలో తాండ్ర పాపారాయుని శౌర్యము చూపుట యుచితమే. విజయనగరపు విజయరామరాజును విదూషకునిగా చేయుట యుచితము కాదు. అడుగువాడు లేనిచోట న్యాయముగా నుండుటయే ధర్మము.

కావున ఈ వేడుక గలవారికి నా సూచన యొక్కటి. ప్రతిబొమ్మ పీఠముపై మూడు విషయములు వ్రాయుడు: వీరెవరు, ఏ యేటివారు, ఈ వేషమునకు ప్రమాణ మేమి. ప్రమాణము లేని భాగమున కల్పితమని నిర్మొగమోటముగ వ్రాయుడు. కొలువు చూడవచ్చిన పిల్లవాడు ఆ మాట చదివి, మీసము కల్పితమా, కత్తి నిజమా యని అడుగును. ఆ ప్రశ్న పుట్టిననాడు మీ బొమ్మ బడి చేయు పనిని చేసినదన్నమాట.