హిల్మా అఫ్ క్లింట్: చిత్రాలూ, వాటిని కాపాడిన కుటుంబమూ

 

స్వీడన్ దేశపు చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్ 1920లో పలు మతాల దృక్పథాలను తెలిపే ఒక చిత్రమాల వేశారు. అందులో బుద్ధుని పేరు గల చిత్రం ఒకటి ఉంది. దానిలో బుద్ధుని ఆకారం లేదు, బోధివృక్షమూ లేదు. ఆ చిత్రమాల అంతా వృత్తాలు, రంగులు, నలుపు తెలుపుల పొందికలే. తెలుగువారికి ఇది వింత కాదు. అమరావతి తొలి శిల్పులు కూడ తథాగతుని రూపం చెక్కక శూన్యాసనం, పాదముద్రలు, ధర్మచక్రం ద్వారానే ఆయన సన్నిధిని సూచించారు.

హిల్మాను బౌద్ధురాలని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆమె 1904లో దివ్యజ్ఞాన సమాజంలో చేరారు. 1880లో సింహళంలోని గాలేలో పంచశీల స్వీకరించిన బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌లు నెలకొల్పిన సమాజమే అది. 1898లో అయోతి దాస్ పండితర్ సింహళ యాత్రకు తోడ్పడినది ఆ ఆల్కాటే. ఆనాటి యూరపులో అనేకులకు బుద్ధుని పేరు పాళీ సుత్తాల వల్ల కాక ఈ దారిన చేరింది. ఆ దారిలో కలిసిన కల్పనలను మనం వేరుచేసి చూడవలసిందే.

ఆమె 1862లో జన్మించారు. తండ్రి నౌకాదళాధికారి. స్టాక్‌హోమ్ రాయల్ అకాడమీలో 1882 నుండి 1887 వరకు చదివి, ప్రకృతి దృశ్యాలు, రూపచిత్రాలు వేసి జీవనం సాగించారు. లోకం ఎరిగిన హిల్మా ఈమె. 1906, 1915 మధ్య ‘ఆలయ చిత్రాలు’ పేరిట 193 కృతులు పూర్తిచేసిన హిల్మాను ఎరిగినవారు బహు కొద్దిమంది. వాటిలో 1907 నాటి పది చిత్రాలు ఒక్కొక్కటి పదడుగులకు మించిన ఎత్తు. బాల్యం నుండి వార్ధక్యం వరకు మానవ జీవితమే వాటి విషయం. అయినా మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. కాండిన్‌స్కీ తన తొలి నైరూప్య చిత్రమని చెప్పుకొన్నది అంతకు నాలుగేళ్ల తరువాతిది.

1944లో ఆమె మరణించారు. సంతానం లేదు. పన్నెండు వందలకు పైగా కృతులు, సుమారు 26,000 పుటల రాతలు మేనల్లుడు ఎరిక్‌కు చెందాయి. మరణానంతరం ఇరవై ఏళ్లదాకా చూపరాదని ఆమె ఆదేశం. ఎరిక్ నౌకాదళాధికారి. చిత్రకళ ఆయన వృత్తి కాదు. అయినా మాట నిలబెట్టుకొన్నారు. అటక మీది పెట్టెలు 1960వ దశకం చివర తెరిచారు. 1970లో స్టాక్‌హోమ్ ఆధునిక కళా మ్యూజియానికి ఇవ్వజూపగా వారు స్వీకరించలేదు. వద్దన్న దానిని ముక్కలు చేసి అమ్ముకొనడం సులభం. ఆ కుటుంబం ఆ పని చేయక 1972లో ఒక ఫౌండేషన్ స్థాపించి సమస్తమూ దానికి అప్పగించింది. దాని అధ్యక్షస్థానం క్లింట్ కుటుంబీకులదే.

నాకు ఇక్కడ మన దీపాలదిన్నె జ్ఞాపకం వస్తుంది. 18వ శతాబ్ది చివర ఆ మహాచైత్యపు పలకలు గోడలకూ, సున్నపు బట్టీలకూ పోయాయి. మిగిలినవాటిలో పెక్కు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. వాటిని తమవిగా భావించి కాపాడే ఉపాసకులు అప్పటికి ఆ ఊళ్లో లేరు. రాతికి సైతం వారసులు కావాలి.

2018–19లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో హిల్మా చిత్రాలను ఆరు లక్షలమందికి పైగా చూశారు. ఇప్పుడు ఫౌండేషన్‌లోనే భేదాభిప్రాయం పుట్టింది. ఇవి ఆధ్యాత్మిక సాధకులకే పరిమితం కావాలని కొందరంటున్నారు, లోకానికి తెరిచి ఉంచాలని కొందరు. మొదటివారి భయం నాకు అర్థమవుతుంది. అంగడిలో పవిత్రత నిలవదని వారి బాధ. అయినా నేను రెండవవారి పక్షమే. మన ధమ్మానికి ‘ఏహిపస్సికో’ అని పేరు, వచ్చి చూడమని. చూడడానికి వచ్చినవాని అర్హతను వాకిట నిలబడి తూచే అధికారం ఎవరికి ఉంది? దాచమన్న హిల్మా సైతం ఇరవై ఏళ్లకే గడువు పెట్టారు.

ఈ చిత్రాలకోసం ఆమె సర్పిలాకారపు మందిరం ఒకటి ఊహించారు. అది నేటికీ కట్టలేదు.