మెదడులోని ఉప్పు లెక్క
(రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



ఉప్పును గూర్చి మంగినపూడి వారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. సముద్రము ఎదుటనే యున్నది. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. ఆ నీరు చేలలోనికి రాకుండ కట్టలు వేయుట, వచ్చినచో మురుగుకాలువల ద్వారా వెలికి పంపుట బందరు, దివిసీమ రైతులకు తరతరముల పని. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో ఆ కాపుదల కూలినప్పుడు ఏమైనదో ఇచటి పెద్దలు కన్నులార చూచినారు. మానవుని మెదడులోని ప్రతి జీవకణమును రేయింబవళ్లు ఇట్టి కాపుదలనే చేసికొనుచున్నది.

ఉప్పునందు సోడియము, క్లోరిను అను రెండు మూలకములు కలవు. జీవకణమునకు వెలుపలి ద్రవమున సోడియము లీటరునకు సుమారు 140 మిల్లీమోలులు. కణము లోపల 10 మొదలు 15 వరకు మాత్రమే. వెలుపలి సోడియము ఎల్లప్పుడును లోనికి చొరబడుచునే యుండును. కణపు పొరలోని ఒక ప్రోటీను ఏతము తోడువానివలె మూడు సోడియము అయానులను వెలికి త్రోసి, రెండు పొటాసియము అయానులను లోనికి తెచ్చుచుండును. దీనిని 1957లో డెన్మార్కు దేశీయుడగు యెన్స్ స్కౌ వెల్లడించెను. 1997లో నోబెల్ బహుమానమున భాగము పొందెను.

ఈ ఏతమునకు బలమిచ్చునది ఏ.టి.పి. అను పదార్థము. 1929లో కండరములనుండి దానిని వేరుచేసిన వారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కేతో కూడి ఆయన ఈ పని చేసెను. కాన్సరుకు వాడు మెథోట్రెక్సేటు సైతము పిదప లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వముననే రూపొందినది.

మెదడులో దుష్టమైన కణితి పుట్టినప్పుడు ఈ లెక్క తప్పును. కణముల పొరలును, శక్తి వినియోగమును మారి లోపలి సోడియము పెరుగవచ్చును. లేదా కణముల నడిమి ఖాళీ విస్తరించి, అచట ఉప్పు ద్రవము నిండవచ్చును. ఒకటి గట్టు తెగుట. రెండవది కాలువ వెడల్పగుట.

ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రము సాధారణముగా నీటిలోని హైడ్రోజనును ఆధారముగా గొని చిత్రము తీయును. ఆ చిత్రమున కణితి ఆకారము, వాపు తెలియును; కణముల ఉప్పు లెక్క తెలియదు. సోడియము కేంద్రకమును చిన్న అయస్కాంతమే. 3 టెస్లాల యంత్రమున హైడ్రోజను సుమారు 128 మెగాహెర్ట్జుల వద్ద పలుకగా, సోడియము సుమారు 34 వద్ద పలుకును. రేడియోలో ముల్లు త్రిప్పి వేరొక కేంద్రమును పట్టినట్లు, ప్రత్యేకమైన తీగచుట్టతో ఆ పలుకును పట్టవలెను.

2003లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని రోగులయందు ప్రయోగించి ఫలితములు ప్రకటించిరి. కిలోగ్రాము ధాతువునకు సోడియము మెదడులోని బూడిదరంగు భాగమున సగటున 61, తెలుపు భాగమున 69, కణితియందు 103 మిల్లీమోలులుగా తేలినది. అయితే కణితికిని కణితికిని వ్యత్యాసము మిక్కిలిగా నుండెను.

దీనివలన ప్రయోజనమేమి? కిరణచికిత్స చేసిన పిమ్మట చిత్రమున మచ్చ పెద్దదైనచో, అది కణితి పెరుగుదలయో, చికిత్సవలని వాపో తేల్చుట వైద్యునకు కష్టము. మందు కొనసాగించుటయో, మానుటయో ఆ తీర్పుపై ఆధారపడును. రోగి ఆయువును దానిపైననే యున్నది. పరిమాణము మారుటకు ముందే సోడియము మారునేమో యని పరిశోధకులు పరీక్షించుచున్నారు.

లోపములును చెప్పవలెను. సోడియము పలుకు మిక్కిలి బలహీనము, క్షణికము. అందుచే చిత్రము మసకగా నుండును. ఒక్కొక్క చుక్కలో కణము లోపలి ఉప్పు, వెలుపలి ఉప్పు కలిసియే లెక్కకు వచ్చును. గట్టు తెగినదో, కాలువ వెడల్పైనదో ఆ సంఖ్య ఒక్కటే చెప్పజాలదు. రెంటిని వేరుచేయు పద్ధతులకై కృషి సాగుచున్నది. ఇది నేటికిని ప్రధానముగా పరిశోధనాసాధనమే. కణితి ముక్కను తీసి చేయు పరీక్షకు బదులు కాదు.

ఇంతమాత్రమున కూరలో ఉప్పు కణితిని కలిగించునని యెవ్వరును తలపరాదు. రక్తములోని సోడియమును మూత్రపిండములు సవరించుచుండును. ఉప్పు మానినంత మాత్రమున కణితి కరుగదు. అయితే నానాటికి హెచ్చు తలనొప్పి, వేకువనే వాంతులు, క్రొత్తగా వచ్చిన మూర్ఛ, మాట తడబడుట, ఒక ప్రక్క కాలుసేతుల బలహీనత కనిపించినచో తాయెత్తులతో కాలము పుచ్చక వైద్యుని చేరవలెను. గట్టునకు గండి చిన్నదిగా నున్నప్పుడే మన్ను వేయుట రైతెరిగిన ధర్మము. దేహమునకును అదియే ధర్మము.