రివర్సు లైటు వెలుగనిచో

లొల్ల లాకుల దిగువను, కాలువ గట్టు మీద, ఒక రాత్రి మేము జీపులో వచ్చుచుండగా ధాన్యపు బస్తాల ట్రాక్టరు ఒకటి ఎదురైనది. ఆ గట్టు మీద రెండు బండ్లకు చోటు లేదు. నిండు బరువుతో నున్నవానిని వెనుకకు పొమ్మనుట న్యాయము కాదు కనుక మేమే రివర్సు గేరు వేసితిమి. వెనుక దీపము వెలుగలేదు. ఒక ప్రక్క నిండు కాలువ, మరియొక ప్రక్క పల్లపు చేను. మాతో వచ్చిన కుఱ్ఱవాడు టార్చిలైటు పట్టుకొని వెనుక నడచుచు దారి చూపుచుండెను. "ఆపండి బాబుగారూ, ఆపండి!" అను కేక విని బ్రేకు త్రొక్కితిమి. దిగి చూడగా చక్రము గట్టు అంచునకు జానెడు దూరమున నున్నది. ఆ కుఱ్ఱవాడు చక్రమునకును కాలువకును నడుమ నిలిచియున్నాడు.

మఱునాడు మెకానిక్కు నొకనికి చూపితిమి. గేరుబాక్సు దింపవలెననియు, రెండు దినములు పట్టుననియు అతడు చెప్పెను. మాకు మనసొప్పక ఇంటికి తెచ్చుకొని, తీరికగా వెదకితిమి. లోపము గేరుబాక్సులో లేదు. గరుకు కాగితపు ముక్కతో పావుగంటలో తీరిపోయినది. ఆ వెదకిన క్రమమే నేడు శ్రోతలకు మనవి చేయనున్నాము.

ఈ దీపము అలంకారము కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 108వది, బండి వెనుకకు ఎరుపు తప్ప వేఱొక కాంతి చూపరాదని శాసించుచు, కొన్ని మినహాయింపుల నిచ్చినది. బండిని వెనుకకు నడుపునపుడు వాడు తెల్లని దీపము వానిలో నొకటి. డ్రైవరునకు దారి చూపుటయే కాక, బండి తమ మీదికి వచ్చుచున్నదని వెనుకనున్నవారికి తెలుపుటయు దాని పని. యుద్ధకాలమున, 1941 మొదలు 1945 వరకు తయారైన విల్లీస్ జీపులకు ఈ దీపము లేదు. అట్టి పాత బండ్లకు ఇప్పుడున్న దీపము తరువాత ఎవరో అమర్చినదే. దాని వైరు ఏ దారిన పోయినదో అమర్చినవానికే ఎఱుక.

విద్యుత్తు నడకను మన డెల్టావారికి చెప్పుట సులభము. 1852 నాటికి కాటను దొరగారు ఆనకట్ట ముగించిన ధవళేశ్వరము మొదలు నీరు కాలువలో ప్రవేశించి, లాకులు, తూములు దాటి, బోదెల గుండ చేనికి చేరును. మిగులు నీరు మురుగు కాలువ పట్టి సముద్రమునకు పోవును. బండిలో బ్యాటరీ ఆనకట్ట వంటిది. ఫ్యూజు, తాళపు స్విచ్చి, గేరుబాక్సునకు బిగించిన రివర్సు స్విచ్చి తూముల వంటివి. బల్బు చేను. బల్బునుండి బండి ఇనుప శరీరము మీదుగా బ్యాటరీకి తిరిగిపోవు త్రోవను మెకానిక్కులు ఎర్తు అందురు. అది మురుగు కాలువ. పోలిక ఇచ్చట కొంచెము కుంటును. మురుగు పూడినను చేనిలోనికి నీరు వచ్చి నిలుచును. విద్యుత్తు మాత్రము పోవు దారి లేనిచో రానే రాదు. కాని మురుగును మఱచి కాలువనే చూచుకొనుట వలని కష్టము కోనసీమ రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ముందుగా బండిని సమతలమున నిలిపి, హ్యాండు బ్రేకు లాగి, చక్రములకు ముందును వెనుకను అడ్డు చెక్కలు పెట్టవలెను. ఇంజను నడపరాదు. తాళము త్రిప్పి, రివర్సు గేరు వేసినచో చాలును. రెండు దీపములున్న బండిలో ఒకటియే ఆరినచో ఆ దీపపు బల్బునో, ఎర్తునో అనుమానింపవలెను. రెండును ఒక్కమారే ఆరినచో ఫ్యూజు వైపు పోవలెను. బల్బు సాధారణముగా 12 వోల్టులు, 21 వాట్లది. లోని తీగ తెగినదో లేదో కంటికే తెలియును. అట్టి బల్బులు రెండును కలిసి మూడున్నర ఆంపియర్ల విద్యుత్తు గైకొనును. ఫ్యూజు కాలినచో అంతటి ఫ్యూజునే వేయవలెను. మందపు రాగితీగ చుట్టువారు తమ బండికి తామే నిప్పు పెట్టుకొనువారు. క్రొత్త ఫ్యూజు రివర్సు వేసినంతనే మరల కాలినచో, ఎచ్చటనో వైరు ఒరిసి ఇనుమునకు తగులుచున్నదన్నమాట.

ఫ్యూజును బల్బును బాగున్నచో టెస్టు ల్యాంపు తీయవలెను. చిన్న 12 వోల్టుల బల్బునకు రెండు వైర్లు కట్టినదే అది. ఒక కొనను శుభ్రమైన ఇనుమునకు ఆనించి, రెండవ కొనను బల్బు హోల్డరు నడిమి మొనకు తాకింపవలెను. టెస్టు ల్యాంపు వెలిగినచో, విద్యుత్తు వెనుకదాక వచ్చినట్లే. కొఱత తిరుగుదారిది. మా జీపున జరిగినది ఇదియే. హోల్డరు లోహపు గిన్నె నుండి చట్రమునకు ఒక వైరు ముక్క కలుపగానే దీపము దివ్యముగా వెలిగినది. ఎర్తు మఱ విప్పి చూడగా దాని క్రింద తుప్పు, చిలుము. వరద నీట నడచిన బండ్లకును, అంతర్వేది వైపు ఉప్పుగాలి తగులు బండ్లకును ఇది సహజ వ్యాధి. రివర్సు వేసినపుడు ప్రక్కనున్న ఎఱ్ఱ దీపము మినుకు మినుకుమన్నచో ఇదే జబ్బు. విద్యుత్తు తన దారి మూసుకొనగా పొరుగువాని దారిన పడినదన్నమాట.

టెస్టు ల్యాంపు వెలుగనిచో అప్పుడే గేరుబాక్సు మాట. పొగగొట్టము చల్లారిన పిదప బండి క్రిందికి పోవలెను. నాలుగు చక్రములకు శక్తినిచ్చు బండ్లలో రెండవ పెట్టెకు గూడ ఒక స్విచ్చి యుండవచ్చును. అది నాలుగు చక్రముల గుర్తుదీపమునకు సంబంధించినది. దానిని చూచి మోసపోవలదు. అసలు స్విచ్చి వైర్లు రెంటిని ఊడదీసి, చిన్న తీగతో కలిపినపుడు దీపము వెలిగినచో స్విచ్చి చెడినది. వెలుగనిచో వైరు తెగినది. స్విచ్చి మార్చుటకు గేరుబాక్సు దింపనక్కఱలేదు; మఱవలె విప్పి క్రొత్తది బిగించుటే. నూనె కారవచ్చును గనుక క్రింద పళ్ళెము పెట్టవలెను. పాత వాషరు మందమే క్రొత్తదానికి నుండవలెను. మందము హెచ్చినచో లోని మొన అందక దీపము వెలుగదు. వెనుక కెమెరా గల ఇటీవలి బండ్లలో, కెమెరా ఆ దీపపు వైరునుండియే విద్యుత్తు గైకొనునట్టివానికి ఒక సులువు కలదు. రివర్సులో కెమెరా పనిచేసి దీపము వెలుగనిచో స్విచ్చి మంచిదే.

ఇక ఎలుకలు. కోతల కాలమున కళ్ళము దగ్గఱ బండి నిలిపినవారు తెగిన వైరు కొనలపై పంటిగాట్లను చూచుట అరుదు కాదు. అతుకు పెట్టినచోట టేపు చుట్టి, వైరును చట్రమునకు బిగించి కట్టవలెను.

మేము ఆ మఱ క్రింది ఇనుమును మెఱయునట్లు రుద్ది, బిగించి, పైన వాజిలీను పూసితిమి. ఆ సాయంకాలమే ఆ కుఱ్ఱవానిని వెంటబెట్టుకొని అదే గట్టునకు పోయి, వెనుకకు నడిపి చూచితిమి. ఈమారు అతడు వెనుక నిలువలేదు. జీపులో మా ప్రక్కనే కూర్చుండెను.